పాత వ్యాగనార్ ఫెండర్ రంగు తేడాగా ఉంది, బండి వదిలేయాలా? బాడీ మనమే ఎట్లా చూసుకోవాలి?

చిత్తూరు నుంచి ఒక టీచర్ గారు అడిగిన ప్రశ్న ఇది. తిరుపతిలో ఒక బ్రోకర్ దగ్గర 2016 వ్యాగనార్ చూసినారు. సిల్వర్ కలర్, ఏపీ 39 నంబరు, చెప్పిన రేటు 3 లక్షల 10 వేలు. "సింగిల్ ఓనర్, యాక్సిడెంట్ లేని బండి" అని బ్రోకర్ మాట. ఎండలో పెట్టి చూస్తే కుడి పక్క ముందు ఫెండర్ రంగు కొంచెం వేరుగా కనపడింది. దాంతో సార్‌కు అనుమానం పట్టుకుంది. బండి వదిలేయాలా? తెలిసిన మెకానిక్ లేకుండా బాడీ తామే ఎట్లా చూసుకోవాలి? ఇప్పటికే ఇచ్చిన 5 వేల అడ్వాన్సు సంగతేంది?

ముందు సూటిగా చెప్తాను సార్. ఫెండర్ రంగు తేడా ఒక్కటే కారణమైతే బండి వదలొద్దు. కానీ ఆ ఫెండర్ వెనక ఏముందో చూడకుండా కొననూ వద్దు. ఫెండర్ అంటే ముందు చక్రం పైన బోల్టులతో బిగించే రేకు. అరగంటలో విప్పి ఇంకొకటి వేయొచ్చు. బానెట్, రెండు ఫెండర్లు, నాలుగు డోర్లు, డిక్కీ డోరు, ఇవన్నీ అదే జాతి. వీటికి సొట్ట పడినా, పెయింటు కొట్టినా, ఏకంగా మార్చేసినా అది అందం విషయం, రేటు విషయం. ప్రాణం విషయం కాదు. కంపెనీలో వెల్డింగ్ చేసి పంపిన భాగాలు వేరు. డోర్ల మధ్య నిలబడే పిల్లర్లు, టాప్, వెనక చక్రాల పైన ఉండే క్వార్టర్ ప్యానెళ్లు, ఇంజన్‌కు అటూ ఇటూ ఉండే ఆప్రాన్లు, వాటి కింద ముందుకు పొడుచుకొచ్చే చాసిస్ లెగ్గులు, డోర్ల కింద రన్నింగ్ బోర్డులు, డిక్కీ ఫ్లోరు. వీటిలో ఏ ఒక్కటి కోసి అతికించి ఉన్నా, లక్షన్నరకు ఇస్తానన్నా తీసుకోకండి.

నేను 24 ఏళ్లుగా తిరుపతిలో టింకరింగ్, పెయింటింగ్ పని చేస్తున్నాను. రేణిగుంట రోడ్డు వైపు చిన్న షెడ్డు. కొన్నవాళ్లు మా దగ్గరికి వచ్చేది ఎప్పుడూ కొన్న తరవాతే. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. మీరింకా కొనలేదు కాబట్టి ఇది మీకు పనికొస్తుంది.

బోల్టు భాగాలకు, వెల్డింగ్ భాగాలకు ఆ తేడా ఎందుకంటే, లారీకి, పాత జీపులకు కింద వేరే చాసిస్, అంటే బరువు మోసే ఇనప చట్రం ఉంటుంది. పైన బాడీ నలిగినా కింద చాసిస్ బాగుంటే బండి నిలబడుతుంది. ఇప్పటి చిన్న కార్లకు అట్లా వేరే చాసిస్ లేదు. బాడీయే చాసిస్. ఇంజను, సస్పెన్షను, సీట్లు అన్నీ ఆ రేకు డబ్బాకే వేలాడుతున్నాయి. ముందు లెగ్గులు గుద్దినప్పుడు నలిగిపోయేట్టే తయారు చేస్తారు. అవి నలిగి దెబ్బను మింగితేనే లోపలున్న మన కాళ్లు మిగులుతాయి. ఒకసారి నలిగినదాన్ని మేము లాగి, కొట్టి, తిన్నగా చేయగలం. కంటికి తిన్నగానే ఉంటుంది. కానీ రెండోసారి దెబ్బ తగిలితే అది మొదటిసారి నలిగినట్టు నలగదు. గ్యాస్ వెల్డింగుతో కాల్చిన రేకు బలం తగ్గిపోతుంది. ఇది మా పనివాళ్లందరికీ తెలుసు. బండి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఫెండర్ దగ్గరికి రాకముందే మీ ప్రశ్నలో నన్ను ఆపిన మాట ఇంకొకటుంది సార్. మీరు దాన్ని పట్టించుకోలేదు. 2016 బండికి ఏపీ 39 నంబరు ఎట్లా వచ్చింది? ఆ రోజుల్లో మన జిల్లాలో రిజిస్టరైన బండికి ఏపీ 03 ఉండాల. రాష్ట్రమంతటికీ ఒకటే 39 సిరీస్ వచ్చింది 2019లో. అంటే ఈ బండి ఇంకో రాష్ట్రంలో పుట్టి, 2019 తరవాత ఇక్కడికొచ్చి మళ్లీ రిజిస్టరై ఉండాల. మనకు చెన్నై, వేలూరు, బెంగళూరు అన్నీ దగ్గరే, కాబట్టి అక్కడివి ఇక్కడికి రావడం మామూలే. అందులో మోసమే ఉందని నేను అనడం లేదు. చెన్నైలో ఉద్యోగం చేసి సొంతూరికి వచ్చేసినవాళ్లు బండిని కూడా తెచ్చుకుంటారు. కానీ బ్రోకర్‌ను రెండు అడగండి. బండి బయటికి పోవడానికి అభ్యంతరం లేదని పాత రాష్ట్రం ఇచ్చిన ఎన్‌ఓసీ కాపీ చూపించమనండి, అందులో పాత నంబరు ఉంటుంది. ఆ పాత నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సర్వీసు హిస్టరీ అడగండి. బాడీ పని అక్కడే జరిగుంటే, ఏ తేదీన ఏ ప్యానెల్ మార్చినారో దాంట్లో రాసుంటుంది. ప్రభుత్వం వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో ఎన్నో ఓనరో, లోన్ ఇంకా ఉందో కూడా చూసుకోండి. "సింగిల్ ఓనర్" అన్న మాట నిజమో కాదో అక్కడే తేలిపోతుంది.

ఇంక బండి దగ్గరికి పోదాం. పొద్దున 7, 8 గంటలప్పుడు పోండి. ఎండ ఏటవాలుగా పడాల. మిట్టమధ్యాహ్నం వద్దు, సాయంత్రం ట్యూబులైటు కింద అసలొద్దు. అప్పుడే నీళ్లు పోసి కడిగిన బండి చూపిస్తే ఆరేదాకా ఆగండి. తడి రేకు మీద సొట్టలన్నీ దాక్కుంటాయి. హెడ్‌లైట్ ఎత్తుకు వంగి, ఒక కన్ను మూసి, ముందు నుంచి వెనకదాకా పక్క భాగమంతా ఒక చూపు చూడండి. వీధిలో కరెంటు తీగ ఉంటే దాని నీడ డోర్ల మీద కనపడుతుంది. మీరు నడుస్తుంటే ఆ నీడ తిన్నగా జారిపోవాల. ఒకచోట పాములాగా మెలిక తిరిగిందంటే అక్కడ లప్పం పట్టి ఉంటారు.

అక్కడ వేలి కణుపుతో తట్టండి. మామూలు రేకు ఖంగుమంటుంది, లప్పం ఉన్నచోట దబ్బుమంటుంది. ఫ్రిజ్ మీద పెట్టే అయస్కాంతం ఒకటి మెత్తటి గుడ్డలో చుట్టి తీసుకుపోండి. లప్పం మందంగా ఉన్నచోట పట్టు సడలుతుంది, పలచగా ఉంటే ఇది పట్టుకోలేదు. బంపర్లు ప్లాస్టిక్, వాటికి ఎట్లాగూ అంటదు. చాలామంది అక్కడ పెట్టి చూసి భయపడిపోతారు. బంపర్ రంగు బాడీ రంగుతో ఒకటిగా లేకపోయినా కంగారు వద్దు. కొత్త బండ్లలోనే ఆ తేడా ఉంటుంది, ప్లాస్టిక్‌కు పెయింటు విడిగా కొడతారు గనక.

మీ ఫెండర్ విషయం. సిల్వర్ మ్యాచ్ చేయడం పెయింటర్లకు అన్నిటికంటే కష్టం. అందులో సన్నటి అల్యూమినియం పొడి ఉంటుంది. గన్ను ఎంత దూరం పట్టినాం, గాలి ఎంత పెట్టినాం అన్నదాన్ని బట్టి ఆ పొడి పడుకునే తీరు మారిపోతుంది. రంగు కోడ్ సరిగ్గా ఉన్నా ఒక పక్కనుంచి తెల్లగా, ఇంకో పక్కనుంచి నల్లగా కనపడుతుంది. అందుకే తేడా కనపడిందంటే దాని అర్థం పెయింటు పడింది అనే తప్ప పెద్ద యాక్సిడెంట్ జరిగిందని కాదు. ఆటో గీరినా అంతే, గుడి దగ్గర పార్కింగులో ఎవరో బ్యాగు ఆనించినా అంతే.

బానెట్ ఎత్తండి. ఫెండర్‌ను పట్టి ఉంచే బోల్టులు పైన వరసగా కనపడతాయి. కంపెనీలో బోల్టు బిగించిన తరవాతే రంగు పడుతుంది. అందుకే బోల్టు తల మీద రంగు పగలకుండా, అంచుల్లో సన్నటి గీత కూడా లేకుండా ఉంటుంది. స్పానర్ పెట్టి తిప్పి ఉంటే మూలల్లో రంగు లేచిపోయి ఇనుము మెరుస్తుంది. మీ బండికి కుడి ఫెండర్ బోల్టులు తిప్పి ఉంటే ఫెండర్ విప్పినారు, లేదా మార్చినారు. అప్పుడు బానెట్ హింజి బోల్టులు, హెడ్‌లైట్లు, రేడియేటర్‌ను పట్టుకునే అడ్డపట్టీ కూడా చూడండి. ఒక్క ఫెండరే తిప్పి ఉంటే చిన్న దెబ్బ. ఫెండరు, బానెట్ హింజి, ఒక పక్క కొత్త హెడ్‌లైటు, అడ్డపట్టీ మీద కొత్త నల్ల పెయింటు, ఇవన్నీ కలిసి కనపడితే దెబ్బ లోపలికి పోయింది.

అప్పుడు చూడాల్సింది ఆప్రాన్. ఇంజన్ పక్కన, షాకబ్జార్బర్ పైభాగం కూర్చునే రేకు అది. ఎడమది, కుడిది రెండూ మార్చి మార్చి చూడండి. ఒకదాని మీద కంపెనీ సీలర్, అంటే రేకుల అతుకు మీద పూసే జిగురు, సన్నటి పూసలా పోయి, రెండోదాని మీద వేలితో రుద్దినట్టు అడ్డదిడ్డంగా ఉంటే అది మళ్లీ చేసిందే. ముడతలు, సుత్తి దెబ్బల గుంటలు, రంగు మీద గ్రైండర్ గీతలు ఉన్నాయేమో చూడండి. బాడీ గురించి ఏమీ తెలియనివాళ్లు కూడా ఈ పని చేయగలరు. ఎందుకంటే తప్పేదో ఒప్పేదో గుర్తుపట్టే పని లేదు, ఎడమకు కుడి ఒకటిగా ఉందా లేదా అని చూడటమే. ఒకటి గుర్తుపెట్టుకోండి, లెగ్గుల మీద వరసగా ఉండే కొన్ని గాడులు కంపెనీ పెట్టినవే, నలగడానికి. రెండు పక్కలా ఒకే చోట ఉంటే అవి గాడులు, ఒక పక్కే ఉంటే అది ముడత.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్షకు అయిదు పైసలు ఖర్చు లేదు. డోరు తెరవండి. బాడీ చుట్టూ అంచుకు నల్ల రబ్బరు బీడింగ్ ఉంటుంది. చేత్తో మెల్లగా లాగండి, వచ్చేస్తుంది. భయపడాల్సింది లేదు, అది గుచ్చి పెట్టిందే, మళ్లీ అదిమితే కూర్చుంటుంది. దాని కింద రెండు రేకులు కలిసిన అంచు ఉంటుంది. ఆ అంచు మీద శనగ గింజంత గుండ్రటి గుంటలు వరసగా, ఒకే ఎడంలో పోతుంటాయి. అవి కంపెనీ మెషీను వేసిన స్పాట్ వెల్డింగులు. పిల్లర్ పొడుగునా, రన్నింగ్ బోర్డు పొడుగునా ఆ గుంటలు ఉన్నాయంటే అక్కడ ఎవరూ చెయ్యి పెట్టలేదు. గుంటలు ఒకచోట ఆగిపోయి అంచు నున్నగా లప్పం పూసినట్టుంటే, లేదా గరుకుగా ముద్దలు కట్టి ఉంటే అక్కడ కోసి అతికించినారు. నాలుగు డోర్లకూ, డిక్కీకీ ఇదే పని చేయండి. పది నిమిషాలు చాలు. బ్రోకర్ "బీడింగ్ లాగొద్దు సార్, పాడైపోతుంది" అంటే ఇంకా గట్టిగా లాగండి.

పీలేరు నుంచి ఒక పెద్దాయన నాలుగేళ్ల కింద ఒక తెల్ల కారు తెచ్చినాడు. ఆర్టీసీలో పని చేసి రిటైరైనాడు, వచ్చిన డబ్బుల్లో 2 లక్షల 40 వేలు పెట్టి కొన్నాడు. వాన పడితే డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు నిలుస్తున్నాయని కంప్లయింటు. అప్పటికే ఇద్దరి దగ్గర చూపించినాడు. ఒకరు అద్దం చుట్టూ సీలెంట్ పూసినారు, ఇంకొకరు డోరు రబ్బరు మార్చినారు. నీళ్లు ఆగలేదు. నేను బీడింగ్ లాగినాను. ముందు పిల్లర్ కింద జానెడు మేర స్పాట్ వెల్డింగులు లేవు. గోకితే లప్పం పెచ్చుగా ఊడింది, దాని కింద ఎర్ర రంగు. తెల్ల బండి పిల్లర్ ఎర్ర బండిది. ఎక్కడో స్క్రాపులో ఒక ఎర్ర కారు ముందు మూల కోసుకొచ్చి దీనికి అతికించినారు. ఆ అతుకు సందులోంచే నీళ్లు దిగుతున్నాయి.

ఆయన కిందికి వంగి చూసి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మనవరాల్ని బడికి దింపేది దీంట్లోనే నాయనా" అన్నాడు. నీళ్లు రాకుండా చేసిచ్చినాను, దానికి డబ్బులు తీసుకోలేదు. హైవే మీద వేగంగా పోవద్దని చెప్పినాను. తరవాత ఉన్నది ఉన్నట్టు చెప్పి, చాలా నష్టానికి అమ్ముకున్నాడు. కొనే రోజు ఆ రబ్బరు ఒక్కటి లాగి ఉంటే సరిపోయేది.

ఇట్లాంటి బండ్లు ఎక్కడినుంచి వస్తాయంటే, రిపేరు ఖర్చు బండి ఐడీవీలో, అంటే ఇన్సూరెన్స్ కాగితంలో రాసిన బండి విలువలో, 75 శాతం దాటిందంటే ఇన్సూరెన్స్ కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద కడుతుంది. ఓనర్‌కు డబ్బులొస్తాయి, నలిగిన బండి వేలానికి పోతుంది. దాన్ని ముక్కలుగా అమ్మేవాళ్లు కొంటే పరవాలేదు. కొందరు కొని, తక్కువ ఖర్చులో నిలబెట్టి మళ్లీ రోడ్డు మీదికి తెస్తారు. పై పెయింటు మాత్రం అద్దంలా మెరుస్తుంటుంది. నేను పనిలో కొత్తగా ఉన్నప్పుడు మా మేస్త్రి దగ్గరికి అట్లాంటివి రెండు మూడు వచ్చినాయి. "కనపడకుండా చేసి పెట్టన్నా, ఎంతైనా ఇస్తా" అనేవాళ్లు. ఆయన ఒప్పుకోలేదు, తిట్టి పంపేసినాడు. ఆ బండ్లు ఇంకో షెడ్డుకు పోయుంటాయి, ఏదో ఒక ఇంటికీ పోయుంటాయి.

డిక్కీ. కార్పెట్ ఎత్తి, స్టెప్నీ బయటికి తీయండి. తీయకుండా చూస్తే చూడనట్టే. స్టెప్నీ కూర్చునే గుంత గుండ్రంగా, ముడత లేకుండా ఉండాల. పూతలపట్టు–నాయుడుపేట రోడ్డు మీద వెనకనుంచి లారీ తగిలిన బండి ఒకటి మా దగ్గర చూసినాను. బంపరు, డిక్కీ డోరు కొత్తవి, బయట వేలెత్తి చూపడానికి ఏమీ లేదు. స్టెప్నీ మాత్రం ఒక పక్కకు ఒరిగి కూర్చునింది, బోల్టు సరిగ్గా మధ్యలోకి రావడంలేదు. ఫ్లోరు రెండు అంగుళాలు లోపలికి పోయింది. టెయిల్ లైట్ల పక్కనున్న సందు ఎడమ, కుడి ఒకటిగా ఉందా, డిక్కీ డోరు ఒక్క తోపుకు పడుతోందా, ఇవి కూడా అక్కడే చూసేయండి.

కింద చూడటానికి పడుకోవాల్సిన పనిలేదు. బండిని వాటర్ సర్వీసుకు తీసుకుపోయి లిఫ్టు మీద ఎక్కించమనండి. కడగడానికి తీసుకునే డబ్బులే తీసుకుంటారు. బ్రోకర్ ఒప్పుకోకపోతే ఆ బండి మీద మాటలు చాలించుకోండి. చాసిస్ లెగ్గులు, రన్నింగ్ బోర్డుల కింది అంచు, వెనక ఇరుసు బిగించినచోటు చూడండి. కింద రేకుకు పూసే అండర్‌కోటింగ్ కొత్తగా నల్లగా నిగనిగలాడుతుంటే సంతోషపడకండి. తొమ్మిది పదేళ్ల బండికి అమ్మే వారం ముందు అండర్‌కోటింగ్ ఎందుకు వేసినట్టు? తుప్పు, వెల్డింగు రెంటినీ ఒకేసారి దాచే పని అది. స్క్రూ డ్రైవర్ పిడితో అక్కడక్కడ తట్టి చూడండి, మెత్తగా పొడిలా రాలితే తుప్పు తినేసింది.

తుప్పు విషయంలో మనకు ఒక అదృష్టముంది. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు సముద్రం గాలి లేదు, పొడి వాతావరణం. ఇక్కడే పుట్టి పెరిగిన బండికి పదేళ్లయినా కింద రేకు బాగుంటుంది. మీది చెన్నైనుంచి వచ్చిందని ఎన్‌ఓసీలో తేలితే మాత్రం ఇంకాస్త కష్టపడి చూడండి. డోర్ల అడుగు అంచులో నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి మూసుకుపోయి ఉంటే తుప్పు లోపలినుంచి వస్తుంది, బయటికి పెయింటు పొక్కులా లేస్తుంది. ఆ పొక్కును వేలితో నొక్కండి. వెనక చక్రాల తోరణం అంచు లోపలికి వేళ్లు పెట్టి తడమండి, కళ్లకంటే వేళ్లకు బాగా తెలుస్తుంది.

చెన్నై బండి అనగానే నీళ్లలో మునిగిందేమో అన్న భయం సహజం. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు అక్కడ వీధులు మునిగినాయి. అంత దూరం ఎందుకు, 2021 నవంబరులో మన తిరుపతిలోనే కాలనీల్లోకి నీళ్లొచ్చినాయి. ఆ నెలంతా మా షెడ్డుకు బురద బండ్లే. మునిగిన బండికి పై పెయింటు చెడదు, అందుకే పట్టుకోవడం కష్టం. నేను చూసేది సీటు బెల్టు. చివరిదాకా లాగండి, పూర్తిగా బయటికి వచ్చేదాకా. సీట్లు కడుగుతారు, కార్పెట్ మారుస్తారు, బెల్టు లోపల చుట్టుకుని ఉన్న చివరి మూర మాత్రం ఎవరూ కడగరు. అక్కడ బురద గీత ఉంటే ఆ ఎత్తుదాకా నీళ్లొచ్చినాయి. సీటు పట్టాల తుప్పు, డ్యాష్‌బోర్డు కింద స్క్రూల తుప్పు, హెడ్‌లైట్ లోపల సన్నటి మట్టి కూడా అదే చెప్తాయి. అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి, ఐదు నిమిషాలు లోపల కూర్చోండి. ఊదుబత్తి వాసనో, సెంటు వాసనో గుప్పుమంటే దాని కింద ఏ వాసన ఉందో అడగండి.

అద్దాల మూలల్లో కంపెనీ గుర్తు, చిన్న అంకెలు, చుక్కలు ఉంటాయి. తయారైన సంవత్సరం గుర్తు అందులోనే ఉంటుంది. అన్నీ ఒకే రకంగా ఉండాల. ముందు అద్దం ఒక్కటి వేరే ఉంటే రాయి తగిలి మార్చి ఉంటారు. ఒకే పక్క రెండు డోర్ల అద్దాలు, ముందు అద్దం మూడూ వేరేగా ఉంటే ఆ పక్క పిల్లర్‌ను రెండోసారి చూడండి.

బండి నడిపేటప్పుడు ఒక చిన్న పని. తారు రోడ్డు మీద ఒక బకెట్ నీళ్లు పోసి, దాంట్లోంచి తిన్నగా పోనివ్వండి. దిగి టైర్ల తడి గుర్తులు చూడండి. వెనక టైర్లు ముందు టైర్ల అడుగులోనే నడవాల. కొంచెం లోపలగానో బయటగానో ఉన్నా రెండు పక్కలా ఒకే అంత ఉండాల. ఒక పక్కకు జరిగి ఉంటే బండి ఎండ్రకాయ నడక నడుస్తోంది, బాడీ మెలితిరిగింది. టేపుతో కూడా కొలవొచ్చు. స్టీరింగ్ తిన్నగా పెట్టి, ముందు చక్రం మధ్యనుంచి వెనక చక్రం మధ్యకు. మీ మోడల్ వ్యాగనార్‌కు అది 2,400 మిల్లీమీటర్లు. మన చేతి కొలతలో కొంచెం అటూ ఇటూ అవుతుంది, అది లెక్క కాదు. ఎడమకు, కుడికి సెంటీమీటర్ దాటి తేడా ఉంటే వదిలేయండి.

పెయింటు మందం కొలిచే గేజి ఉంటే ఇంకా సులువు. కంపెనీ పెయింటు మామూలుగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. తల వెంట్రుక 70 మైక్రాన్లని అనుకుంటే, రెండు వెంట్రుకల మందం. మళ్లీ పెయింటు కొట్టినచోట 200, 300 చూపిస్తుంది. లప్పం ఉంటే 500 దాటి వెయ్యికి పోతుంది. డోరు మీద 250 వచ్చిందని బండి వదలకండి, పిల్లర్ మీద, టాప్ మీద 250 వస్తే మాత్రం కారణం చెప్పమనండి. పిల్లర్‌కు ఊరికే ఎవరూ పెయింటు కొట్టరు. టాప్‌కు కొట్టడానికి ఒక న్యాయమైన కారణముంది, మన ఎండ. నీడ లేకుండా ఏళ్లతరబడి నిలబెట్టిన బండికి టాప్, బానెట్ మీద క్లియర్ కోటు, అంటే రంగు పైన వేసే మెరుపు పూత, పెచ్చులుగా లేచిపోతుంది. అట్లాంటి బండికి టాప్ పెయింటు కొట్టించడం తప్పు కాదు. అప్పుడు బీడింగ్ లాగి స్పాట్ వెల్డింగులు చూస్తే అనుమానం తీరిపోతుంది.

అనుమానం ఎక్కువై మంచి బండి వదులుకున్నవాళ్లూ ఉన్నారు. తిరుమల పోతూ ఘాట్ రోడ్డులో పిట్టగోడకు రాసుకున్న ఒక ఆల్టోకు ఎడమ పక్క రెండు డోర్లు, ఫెండరు నేనే చేసినాను. సొట్టలు లాగి, పలచగా లప్పం పట్టి, పెయింటు కొట్టినాను. పిల్లర్‌కు గీత కూడా లేదు. అమ్మేటప్పుడు ఓనర్ ఉన్నమాట చెప్పినాడు. మొదట వచ్చినాయన "మూడు ప్యానెళ్లు పెయింటు పడింది" అని వెనక్కి పోయినాడు. రెండోసారి వచ్చింది చంద్రగిరిలో పాల వ్యాపారం చేసే ఒక తమ్ముడు. నాకు ఫోన్ చేసి అడిగినాడు, కొన్నాడు. ఆరేళ్లయింది, ఇప్పటికీ తిప్పుతున్నాడు. బాడీలో చప్పుడు లేదు, చుక్క నీరు లోపలికి రాదు.

కాబట్టి మీ బండికి ఆప్రాన్లు, పిల్లర్లు, డిక్కీ ఫ్లోరు, లెగ్గులు ఈ నాలుగూ శుభ్రంగా ఉండి, ఫెండర్ ఒక్కటే మార్చి ఉంటే దాన్ని బేరానికి వాడుకోండి. మా దగ్గర ఒక ప్యానెల్ మళ్లీ పెయింటు కొట్టడానికి 3 నుంచి 4 వేలు తీసుకుంటాం. సిల్వర్ కాబట్టి రంగు కలిసిపోవాలంటే పక్క డోరు మీదికి కూడా కొంత కలపాల, ఇంకో రెండు వేలు వేసుకోండి. ఆ మొత్తం తగ్గించమని అడగడం న్యాయం. దానికంటే పట్టుబట్టాల్సింది ఎన్‌ఓసీ కాపీ గురించి, ఆ "సింగిల్ ఓనర్" మాట గురించి. అక్కడ అబద్ధం తేలితే ఫెండర్ గురించి అతను చెప్పేది నమ్మడానికి మీకు ఏ ఆధారమూ ఉండదు.

అడ్వాన్సు మాట. 5 వేలు నోటిమాట మీద ఇచ్చి ఉంటే ఈరోజే ఒక కాగితం రాయించుకోండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టించుకున్నా సరే. బండి నంబరు, ఇచ్చిన మొత్తం, తేదీ, దాని కింద ఒక వాక్యం: "బాడీలో కోసి వెల్డింగ్ చేసినట్టు గానీ, నీళ్లలో మునిగినట్టు గానీ తేలితే అడ్వాన్సు పూర్తిగా వాపసు." నిజంగా యాక్సిడెంట్ లేని బండి అయితే ఆ వాక్యం రాయడానికి అతనికి అభ్యంతరం ఉండకూడదు. రాయనంటే ఆ 5 వేలు పోయినా సరే, మిగిలిన 3 లక్షల 5 వేలు జేబులోంచి తీయకండి. కాగితం చేతికొచ్చిన తరవాతే లిఫ్టు మీద ఎక్కించండి. బీడింగ్ లాగినచోట, ఆప్రాన్ల దగ్గర ఎడమ, కుడి ఫోటోలు తీసి ఇక్కడ పెడితే నేను చూసి చెప్తాను. వెలుతురు ఉన్నప్పుడు తీయండి సార్, ఫ్లాష్ వేస్తే సీలర్ గీత కనపడదు.